షేక్స్‌పియర్ మహాకవి – ఆయన సొంత ఊరు



మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి రాయమని కార్యదర్శిగారు అడిగారు. గాంధీగారిని గురించి, ప్రకాశం పంతులుగారిని గురించి మన పెద్దలు ఎటూ రాస్తారు గదా అని నేను విలియం షేక్స్‌పియర్‌ను ఎంచుకున్నాను. నవ్వకండి. నేను ఇంగ్లీషు సాహిత్యంలో పండితుణ్ణి కాను. హైస్కూల్లో నాన్-డిటైల్డు పుస్తకంగా లాంబు రాసిన షేక్స్‌పియర్ కథలు చదువుకుని, షైలాకు కత్తి నూరుతున్న చోట గుండెలు దడదడలాడినవాణ్ణి మాత్రమే. ఆ తరువాత ముప్పయ్యేళ్ళకు పైగా రిజిస్ట్రేషను శాఖలో దస్తావేజులకు నకళ్ళు రాసుకుంటూ సర్వీసు వెళ్ళబుచ్చాను.

2018లో మా అమ్మాయి, అల్లుడు బర్మింగ్‌హామ్‌లో ఉండగా నేనూ మా ఆవిడా వెళ్ళి మూడు నెలలు ఉండివచ్చాం. ఒక శనివారం అల్లుడు కారులో మమ్మల్ని స్ట్రాట్‌ఫర్డ్ తీసుకువెళ్ళాడు. బర్మింగ్‌హామ్‌కు సుమారు 40 కిలోమీటర్లు. ఆ ఊరు చూసి వచ్చిన పిమ్మట ఆయన చరిత్ర దొరికినంతవరకు చదివాను. చదివినకొద్దీ ఒక సంగతి తెలిసివచ్చింది. ఇంత రాసిన మనిషి తన చేత్తో రాసిన ఉత్తరం ఒక్కటి కూడా ఈనాడు లేదు. ఖాయంగా ఆయనవని చెప్పదగిన సంతకాలు ఆరు మాత్రం మిగిలాయి. ఆయన బ్రతుకు గురించి లోకానికి తెలిసినదంతా దాదాపుగా చర్చి రిజిస్టర్లలోను, కోర్టు కాగితాలలోను, దస్తావేజులలోను మనవంటి గుమాస్తాలు రాసిపెట్టినదే. అందుచేత ఈ వ్యాసం రాసే అర్హత నాకూ కొంత ఉందనుకుని ధైర్యం చేశాను.

ఊరు – తండ్రి

అవాన్ నది ఒడ్డున ఉన్న స్ట్రాట్‌ఫర్డ్ ఆనాడు రెండు వేల జనాభాకు మించని సంత ఊరు. లండన్ అక్కడికి సుమారు 160 కిలోమీటర్లు. నదిపైన పదునాలుగు కమానుల రాతి వంతెన ఉన్నది. షేక్స్‌పియర్ పుట్టడానికి చాలాకాలం ముందే హ్యూ క్లాప్టన్ అనే ఆ ఊరి షావుకారు, లండన్ వెళ్ళి బాగుపడి, తన సొమ్ముతో కట్టించిపెట్టాడు. ఈనాటికీ ఆ వంతెన మీద కార్లు పోతూనే ఉన్నాయి. మేమూ దాని మీద పోయాం.

తండ్రి పేరు జాన్ షేక్స్‌పియర్. దగ్గరి పల్లెనుంచి వచ్చి హెన్లీ వీధిలో స్థిరపడ్డాడు. తోలు పదునుచేసి చేతితొడుగులు కుట్టడం వృత్తి. ఉన్ని వ్యాపారం కూడా చేశాడు. స్ట్రాట్‌ఫర్డ్ కాగితాలలో ఆయన పేరు మొట్టమొదట ఎందుకు కనబడుతుందో తెలుసునా? 1552లో ఇంటిముందు వీధిలో పెంటకుప్ప వేసినందుకు ఒక షిల్లింగు జరిమానా కట్టాడు. మహాకవి వంశచరిత్ర పెంటకుప్పతో మొదలయిందన్నమాట! కాని మనిషి సమర్థుడు. కాగితాల మీద సంతకానికి బదులు గుర్తు పెట్టేవాడేగాని పురపాలక సభలో ఒక్కొక్క మెట్టే ఎక్కి, 1568లో ఊరికి బెయిలిఫ్ అయ్యాడు. మన లెక్కన మునిసిపల్ ఛైర్మన్ వంటి పదవి.

తల్లి మేరీ ఆర్డెన్ మంచి భూవసతిగల రైతు కూతురు. మొదట పుట్టిన ఇద్దరు ఆడపిల్లలూ పసితనంలోనే పోయారు. మూడవ బిడ్డ విలియం. 1564 ఏప్రిల్ 26వ తేదీన హోలీ ట్రినిటీ చర్చిలో అతనికి బాప్తిస్మం ఇచ్చినట్లు రిజిస్టరులో లాటిన్ భాషలో ఒక్క వరుస ఉన్నది. పుట్టినరోజు ఏప్రిల్ 23 అని సంప్రదాయంగా జరుపుకుంటారు. అదే రిజిస్టరులో జూలై 11వ తేదీ దగ్గర, ఇక్కడ మహమ్మారి మొదలయిందని రాసి ఉన్నది. ఆ ఏడు ముగిసేలోగా రెండు వందలమందికి పైగా ప్లేగుతో పోయారు. ఊళ్ళో ప్రతి పదిమందిలో ఒకరు పోయినట్లు. ఆ పసివాడు బ్రతికి బట్టకట్టాడు.

ఇక్కడ మన వృత్తికి సంబంధించిన ముచ్చట ఒకటి చెప్పాలి. ఈ రిజిస్టరు అసలు ప్రతి కాదు. పాత కాగితపు పుస్తకాలు శిథిలమవుతున్నాయని తోలు పత్రాల మీద శుభ్రంగా తిరగరాయమని పైనుంచి ఉత్తర్వులు వస్తే, 1600 ప్రాంతంలో స్ట్రాట్‌ఫర్డ్‌లో కూర్చుని ఎవరో ఒకరు మొత్తం ఫెయిరు కాపీ చేశారు. ఆ పని విసుగని ఏ నాలుగు వరుసలు వదిలివేసినా షేక్స్‌పియర్ పుట్టుక లెక్కకు రాకుండా పోయేది. రాసినవారికి తాము ఎవరి పేరు రాస్తున్నామో తెలియదు. నకలు రాసేవాడికి అన్ని పేర్లూ ఒక్కటే గదా!

చదువు – పెళ్ళి

ఊళ్ళో ఉచితంగా లాటిన్ నేర్పే బడి ఉండేది. అధికారి కొడుకు గనుక విలియం అక్కడే చదివి ఉంటాడని అందరూ ఒప్పుకుంటారు. విశ్వవిద్యాలయం మొహం ఎరుగడు. పిల్లవాడికి పన్నెండు పదమూడేళ్ళు వచ్చేసరికి తండ్రి పరిస్థితి తారుమారయింది. అప్పులు పెరిగాయి. 1577 ప్రాంతంనుంచి సభకు రావడం మానుకున్నాడు. భార్య తెచ్చిన భూమి తాకట్టులోకి పోయింది. సభవారు చాలాకాలం ఓపికపట్టి 1586లో ఆయన స్థానంలో మరొకరిని వేసుకున్నారు. ఒకనాడు ఊరికి పెద్దగా ఉన్న మనిషి, అప్పులవాళ్ళు పట్టుకుంటారనే భయంతో చర్చికి కూడా రావడంలేదని 1592 నాటి జాబితాలో రాసి ఉన్నది. తండ్రి తలవంచుకుని తిరగడం చూస్తూ పెరిగిన కొడుకు మనస్సు ఎలా ఉంటుందో మనలో కొందరికి వేరే చెప్పనక్కరలేదు.

విలియంకు పద్దెనిమిదో ఏట పెళ్ళి జరిగింది. వధువు యాన్ హాతవే వయస్సు ఇరవై ఆరు. స్ట్రాట్‌ఫర్డ్‌కు మైలు దూరంలో షాటరీ అనే పల్లెలో వారి పుట్టిల్లు గడ్డికప్పుతో ఈనాటికీ ఉన్నది. 1582 నవంబరు 27వ తేదీన ఉస్టర్ బిషప్ ఆఫీసు రిజిస్టరులో పెళ్ళి అనుమతి రాసిన గుమాస్తా వధువు ఇంటిపేరు వేట్లీ అని రాశాడు. మర్నాడు రాసిన పూచీకత్తు పత్రంలో హాతవే అని సరిగానే ఉన్నది. అదే రోజు వేట్లీ అనే ఆయన వ్యవహారం కూడా ఆ ఆఫీసు ముందుకు వచ్చింది గనుక చెయ్యి తప్పి ఆ పేరు పడిందని పండితుల అభిప్రాయం. కాని ఆ ఒక్క పొరపాటును పట్టుకుని, షేక్స్‌పియర్ ప్రేమించిన మరో కన్య ఉన్నదని పుస్తకాలే రాసినవారున్నారు. ఇది చదివి నేను చాలాసేపు మౌనంగా ఉండిపోయాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో నేను ఒక అమ్మకం దస్తావేజు నకలులో సుబ్బమ్మకు బదులు సుబ్బయ్య అని రాశాను. ఆ కుటుంబం దాన్ని దిద్దించుకోవడానికి ఎన్ని తిరుగుళ్ళు తిరిగారో నాకు తెలుసు.

1583 మేలో పెద్దకూతురు సుజానా పుట్టింది. 1585 ఫిబ్రవరిలో కవలలు, హామ్నెట్ అనే కొడుకు, జూడిత్ అనే కూతురు. ఇరవై ఒకటి నిండకుండానే ముగ్గురు బిడ్డల తండ్రి.

లండన్ ఉద్యోగం

1592 నాటికి ఆయన లండన్‌లో నటుడుగా, నాటక రచయితగా ఉన్నాడు. చదువుకున్న రచయిత ఒకాయన ఈ కొత్త నటుణ్ణి ఎద్దేవా చేస్తూ రాశాడు గనుక ఆ సంగతి మనకు తెలిసింది. తిట్టు కూడా ఒక్కొక్కప్పుడు రికార్డుగా పనికివస్తుంది. వెంటనే ప్లేగు వచ్చి నాటకశాలలు మూతపడితే కూర్చుని పద్యకావ్యాలు రాశాడు. మొదటి కావ్యాన్ని 1593లో అచ్చువేసిన రిచర్డ్ ఫీల్డ్ కూడా స్ట్రాట్‌ఫర్డ్ వాడే. పరాయి పట్నంలో ఊరివాడే ఆదుకున్నాడు.

1594నుంచి ఒకే నాటక బృందంలో సర్వీసు. మొదట దాని పేరు లార్డ్ ఛాంబర్లేన్ బృందం. 1603లో జేమ్స్ రాజు వచ్చాక అదే రాజుగారి బృందమయింది. షేక్స్‌పియర్ అందులో జీతగాడు కాదు, వాటాదారు. నాటకం రాయడం, వేషం కట్టడం, వసూళ్ళలో భాగం పంచుకోవడం అన్నీ ఉండేవి. 1598 చివర స్థలం యజమానితో తగవు వచ్చి, బృందంవారు తమ పాత నాటకశాల కొయ్యలు విప్పి తరలించి, థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున 1599లో గ్లోబ్ నాటకశాల కట్టుకున్నారు. ఆ బృందంలో రిచర్డ్ బర్బేజ్ ప్రధాన నటుడు. జాన్ హెమింజ్, హెన్రీ కాండెల్ అనే మరి ఇద్దరు సహోద్యోగులున్నారు. ఈ ఇద్దరి పేర్లూ గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను.

సంపాదన బాగానే ఉన్నా భార్యాబిడ్డలు స్ట్రాట్‌ఫర్డ్‌లోనే ఉన్నారు. ఆయన లండన్‌లో అద్దె గదులలో గడిపాడు. బదిలీ మీద కుటుంబాన్ని ఊళ్ళో వదిలి హోటలు భోజనం చేసినవారికి ఆ బ్రతుకు తెలుసు. పన్ను విషయంలో మాత్రం ఆయన మనకు ఆదర్శం కాదు. బిషప్స్‌గేట్ వార్డులో 1597లో 5 షిల్లింగులు, మరుసటి ఏడు 13 షిల్లింగుల 4 పెన్నీలు బకాయి పడ్డట్లు వసూలుదారులు రాసుకున్నారు.

1596

ఆ సంవత్సరం ఆగస్టు 11వ తేదీన స్ట్రాట్‌ఫర్డ్ చర్చిలో హామ్నెట్‌ను పూడ్చారు. పదకొండున్నర ఏళ్ళవాడు. రిజిస్టరులో వాడి పేరు, తండ్రి పేరు, తేదీ, అంతే.

రెండున్నర నెలలు తిరిగేసరికి అక్టోబరులో, తండ్రి జాన్‌కు వంశచిహ్నం మంజూరయింది. దానితో ఆ కుటుంబానికి పెద్దమనిషి హోదా వచ్చింది. ఇరవై ఏళ్ళనాడు జాన్ అర్జీ పెట్టుకుని, అప్పులపాలై వదిలేసుకున్న గౌరవం అది. కొడుకు తన సంపాదనతో తిరిగి నిలబెట్టాడు. తండ్రి తల ఎత్తుకున్నాడు. కాని ఆ చిహ్నం తరతరాలకు మోయవలసిన మగబిడ్డ ఇంట్లో లేడు.

మరుసటి ఏడు 1597లో ఊళ్ళోకెల్లా రెండవ పెద్ద ఇల్లు, న్యూ ప్లేస్ అనేదాన్ని కొన్నాడు. లోగడ చెప్పిన వంతెన కట్టించిన క్లాప్టన్‌దే ఆ ఇల్లు. దస్తావేజులో వెల 60 పౌన్లు అని ఉన్నది. దస్తావేజులో రాసిన వెల అసలు వెల కానక్కరలేదని చరిత్రకారులంటారు. ఆ మాట చదివి నేను నవ్వుకున్నాను. 1602లో 320 పౌన్లు పెట్టి 107 ఎకరాలు కొన్నాడు. 1605లో 440 పౌన్లకు చర్చి పంటభాగాల హక్కు కొన్నాడు. లండన్‌లో రాసి స్ట్రాట్‌ఫర్డ్‌లో నాటుకున్నాడు.

ఇతర లెక్కలూ ఉన్నాయి. 1598లో కరువుకాలాన ధాన్యం ఎవరెవరి దగ్గర నిలవ ఉన్నదో రాసిన జాబితాలో ఆయన ఇంట 80 బుషెళ్ళ మాల్టు ఉన్నట్లు రాశారు. అదే ఏడు రిచర్డ్ క్వైనీ అనే ఊరివాడు లండన్ సత్రంలో కూర్చుని 30 పౌన్లు అప్పు కావాలని ఆయనకు ఉత్తరం రాశాడు. షేక్స్‌పియర్ పేరిట రాసిన ఉత్తరాలలో ఈనాడు మిగిలినది అది ఒక్కటే. అదైనా చివరకు క్వైనీ కాగితాలలోనే దొరికింది.

రిటైర్మెంటు – వీలునామా

1612లో ఆయన లండన్ కోర్టులో సాక్ష్యం ఇచ్చాడు. ఒకప్పుడు తాను అద్దెకున్న ఇంటి యజమాని మౌంట్‌జాయ్ కూతురికి ఇస్తానన్న కట్నం ఇవ్వలేదని అల్లుడు దావా వేశాడు. ఆ సంబంధం కుదర్చడంలో షేక్స్‌పియర్ చెయ్యి కూడా ఉన్నది. కట్నం ఇస్తామన్నమాట నిజమేగాని ఎంత అన్నది జ్ఞాపకం లేదని చెప్పి సంతకం పెట్టి వచ్చాడు. మధ్యవర్తిగా కూర్చున్నవాడి కష్టం ఏ దేశంలోనైనా ఒక్కటే. ఈ కాగితం మూడు శతాబ్దాలు కట్టలలో పడి ఉండి, 1909లో వాలెస్ అనే అమెరికన్ దంపతులకు దొరికింది.

1613 ప్రాంతంతో నాటక రచన ముగిసింది. ఆ ఏడు జూన్ 29న ప్రదర్శన జరుగుతుండగా పేల్చిన ఫిరంగి నిప్పురవ్వ గడ్డికప్పు మీద పడి గ్లోబ్ నాటకశాల కాలిపోయింది. ఆయన స్ట్రాట్‌ఫర్డ్‌కే మళ్ళాడు. యాభై ఏళ్ళ మనిషి. పెద్దకూతురు సుజానాను జాన్ హాల్ అనే వైద్యునికి ఇచ్చాడు. ఎలిజబెత్ అనే మనుమరాలున్నది. చిన్నకూతురు జూడిత్‌కు ముప్పయ్యొకటి వచ్చేదాకా పెళ్ళి కాలేదు. 1616 ఫిబ్రవరిలో ఆమె, అప్పు అడిగిన క్వైనీ కొడుకు థామస్‌ను పెళ్ళాడింది. కొద్ది వారాలకే ఆ థామస్ వల్ల గర్భవతి అయిన మరొక స్త్రీ ప్రసవంలో బిడ్డతోసహా చనిపోయింది. ఊరంతా గుప్పుమంది.

ఆ మార్చి 25న షేక్స్‌పియర్ వీలునామా తిరగరాయించాడు. మూడు పుటలు. మూడింటి మీదా ఆయన సంతకాలున్నాయి. కొట్టివేతలు, చేర్పులు చాలా ఉన్నాయి. జూడిత్‌కు ఇచ్చేచోట అల్లుడన్న మాట కొట్టివేసి కూతురు పేరు వేయించాడు. ఆమె సొమ్ము అల్లుడి చేతికి నేరుగా పోకుండా షరతులు పెట్టాడు. ఇల్లు, భూములు సుజానాకు, ఆ పిమ్మట ఆమె మగసంతానానికి, వారు లేకుంటే మనుమరాలి మగసంతానానికి, వారూ లేకుంటే జూడిత్ మగసంతానానికి అని వరుసగా కట్టుదిట్టం చేశాడు. చెల్లెలు జోన్ హెన్లీ వీధి ఇంట్లో ఏటా 12 పెన్నీల నామమాత్రపు అద్దెకు బ్రతికినంతకాలం ఉండవచ్చునన్నాడు. ఊరి పేదలకు 10 పౌన్లు. భార్యకు తమ రెండవ మంచి మంచం ఇమ్మని వరుసల మధ్య ఇరికించి రాయించాడు. దాని మీద నాలుగు వందల ఏళ్ళుగా చర్చ జరుగుతున్నది. అలాగే మరొక చిన్న చేర్పు ఉన్నది. సహోద్యోగులైన హెమింజ్, బర్బేజ్, కాండెల్‌లకు ఉంగరాలు కొనుక్కోవడానికి తలకు 26 షిల్లింగుల 8 పెన్నీలు.

కత్తి ఎవరికి, వెండిగిన్నె ఎవరికి, తొడిగిన బట్టలు ఎవరికి అన్నీ ఉన్న ఆ వీలునామాలో తాను రాసిన నాటకాల ఊసు ఒక్క ముక్క లేదు. అవి బృందం ఆస్తి. ఏప్రిల్ 23న ఆయన కన్నుమూశాడు. 25న చర్చిలోపల బలిపీఠం దగ్గర పూడ్చారు. ఆ చోటు దక్కడానికి పంటభాగాల హక్కు కొని ఉండడం ఒక కారణం.

ఏది మిగిలింది?

అంత జాగ్రత్తగా రాయించిన వీలునామా ఎంతకాలం నిలిచింది? సుజానాకు మగబిడ్డలు లేరు. జూడిత్‌కు ముగ్గురు కొడుకులు పుట్టారు. ఒకడు పసితనంలో, మిగతా ఇద్దరూ 1639లో పెళ్ళీడుకు వచ్చి పోయారు. మనుమరాలు ఎలిజబెత్ రెండు పెళ్ళిళ్ళయినా సంతానం లేకుండా 1670లో చనిపోయింది. అంతటితో నేరు వంశం ఆగిపోయింది. యాభై నాలుగేళ్ళు! న్యూ ప్లేస్ చేతులు మారింది. 1702 ప్రాంతంలో కొత్త యజమాని దాన్ని తిరగకట్టాడు. ఆ కట్టడాన్ని కూడా 1759లో గాస్ట్రెల్ అనే మతాచార్యుడు ఊరివాళ్ళతో పన్ను విషయంలో తగవుపడి కూలగొట్టించాడు. షేక్స్‌పియర్ నాటాడని చెప్పుకునే మల్బరీ చెట్టును అంతకుముందే కొట్టించాడు. మేము వెళ్ళినప్పుడు అక్కడ తోట మాత్రం ఉన్నది. పుట్టిన ఇంటిని 1847లో వేలంలో 3000 పౌన్లకు చందాలతో కొని కాపాడారు. ఆ ఇంటి తోటలో మన రవీంద్రుని విగ్రహం కనబడగానే మా ఆవిడ చెప్పులు విడిచి నమస్కారం చేసింది.

మరి నాటకాలు? ఆయన పోయేనాటికి సగం మాత్రమే విడివిడిగా అచ్చయి ఉన్నాయి. మిగతావి నాటకశాల పెట్టెలలో రాతప్రతులు. బర్బేజ్ 1619లో పోయాడు. మిగిలిన ఇద్దరు, ఉంగరాల సొమ్ము అందుకున్న హెమింజ్, కాండెల్, తమ స్నేహితుని నాటకాలు 36 పోగుచేసి 1623లో ఒకే పెద్ద పుస్తకంగా వెలుగులోకి తెచ్చారు. అందులో 18 అంతకుముందు అచ్చుకానివి. మాక్‌బెత్, జూలియస్ సీజర్, తుపాను నాటకం అన్నీ వాటిలోనివే. ఈ ఇద్దరూ పూనుకోకపోతే అవి ఉండేవి కావు. భార్య యాన్ ఆ పుస్తకం వెలువడడానికి మూడు నెలల ముందే కన్నుమూసింది.

మన తెలుగువారికీ ఆ ఇద్దరి ఋణం ఉన్నది. పందొమ్మిదో శతాబ్దంలో వావిలాల వాసుదేవశాస్త్రిగారు సీజరు చరిత్రమును, కందుకూరి వీరేశలింగం పంతులుగారు చమత్కార రత్నావళిని ఏ నాటకాలనుంచి తెలుగు చేశారో ఆ రెండూ మొదట అచ్చయింది ఆ పుస్తకంలోనే. 2023లో దానికి 400 ఏళ్ళు నిండాయి.

మిత్రులారా! ఇల్లు కట్టుకోవద్దనిగాని, వీలునామా రాయవద్దనిగాని నేను అనడంలేదు. రిజిస్ట్రేషను శాఖవాణ్ణి, ఆ మాట ఎలా అంటాను? నామినేషను కాగితాలు అందరూ ఒకసారి సరిచూసుకోండి. పేర్లలో అక్షరాలు కూడా చూసుకోండి. కాని ఆ మహాకవి ఆస్తికి పెట్టిన కట్టుదిట్టాలేవీ నిలవలేదు. పక్కన కూర్చుని పనిచేసిన ఇద్దరు, ఎవరూ అడగకుండా చేసిన పని నిలిచింది. మనతో పనిచేసి పోయినవారిలో మంచి పనిమంతులు, ఒక్క పైసా ముట్టనివారు, పద్యాలు కట్టినవారు, నాటకాలు వేసినవారు ఎందరో ఉన్నారు. వారి సంగతి వారి పిల్లలకు కూడా పూర్తిగా తెలియదు. తెలిసినది మనకే. మనం పోతే అదీ పోతుంది.

కాబట్టి వచ్చే సంచికకు సభ్యులందరూ తమతో పనిచేసి గతించిన ఒక మిత్రుని గురించి రెండు పేజీలు రాసి కార్యదర్శిగారికి పంపవలసిందిగా మనవి. చేతిరాత బాగాలేనివారు నాకు చెప్పండి. ఫెయిరు కాపీ నేను చేసి పెడతాను. పేర్లు తప్పు పడకుండా చూస్తాను.